పరామర్శకు వెళ్లే ముందు

శ్రోతలకు నమస్కారం. మన ఊళ్లలో ఒక ఇంట్లో మనిషి పోతే పెద్దకర్మ దాకా పరామర్శకు వచ్చేవాళ్లకు కొదవ ఉండదు. పోయినవాడికి హెచ్‌ఐవీ ఉండేదని తెలిసిన ఇంటికి మాత్రం దగ్గరి చుట్టాలు సైతం గుమ్మం బయటే నిలబడి, రెండు ముక్కలు మాట్లాడి వెళ్లిపోవడం గుంటూరు జిల్లాలో నేను కళ్లారా చూశాను. అటువంటి ఇళ్లలో మిగిలిన వితంతువులకు, పిల్లలకు తోడుగా నిలవాలనుకునేవారితో ఈ పూట నాలుగు మాటలు పంచుకుంటాను.

ముందుగా మేము చేసిన తప్పు చెప్పాలి. మొదటిసారి ఒక వితంతువును పరామర్శించడానికి వెళ్లినప్పుడు ఎయిడ్స్‌కు గుర్తయిన ఎర్ర రిబ్బను బొమ్మ ఉన్న జీపును నేరుగా ఆమె ఇంటి ముందే ఆపాము. సాయంత్రానికి విషయం వీధంతా పాకింది. మర్నాడు కుళాయి దగ్గర ఆమె బిందెను ఎవరో వరుసలోంచి పక్కకు జరిపారు. అప్పటినుంచి బస్సు దిగి, మామూలు చుట్టాల్లా నడిచి వెళ్తున్నాం. ఫోటోలు తీయడం మానేశాం. నమ్మి చెప్పిన హెచ్‌ఐవీ సంగతిని వారి అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టమూ చెబుతోంది.

లోపలికి వెళ్లాక ఆమె టీ ఇస్తే తాగండి. కలిసి తిన్నా, తాగినా ఈ వైరస్ అంటుకోదని ఆమెకు డాక్టర్లు ఎన్నోసార్లు చెప్పే ఉంటారు గానీ, తన చేతి గ్లాసు అందుకున్న మనిషిని చూసి ఎన్నాళ్లయిందో!

ఇక సాయం సంగతి. 2004 ఏప్రిల్‌లో మన రాష్ట్రంతో సహా కొన్నిచోట్ల ప్రభుత్వాసుపత్రుల్లో హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. మందులకు డబ్బు అక్కర్లేదు, నిజమే. కానీ వాటి కోసం జిల్లా కేంద్రానికి వెళ్లిన రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు అదనం. కాబట్టి పండ్ల సంచి కంటే ఆ రోజు ఖర్చు చేతిలో పెట్టడం, పింఛను దరఖాస్తుకు తోడు వెళ్లడం మేలు. "కొడుకును మింగింది" అని అత్తవారు పుట్టింటికి తరిమేసిన స్త్రీలు, ఆ వైరస్ తమకు భర్తనుంచే వచ్చినా, నోరు మెదపరు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా పోయిన భర్త సొంత ఆస్తిలో భార్యకు, పిల్లలకు, అతని తల్లికి సమాన వాటాలుంటాయని వారికి చెప్పి, ఉచిత న్యాయసాయం అందించే జిల్లా న్యాయసేవాధికార సంస్థ దాకా వెంట వెళ్లేవాళ్లు కావాలి.

పిల్లల ముందు అనాథ అన్న మాట వాడవద్దు. తల్లికి హెచ్‌ఐవీ ఉన్నంత మాత్రాన బిడ్డకు వచ్చి తీరాలని లేదు. గర్భంతో ఉన్నప్పటినుంచి తల్లి మందులు సక్రమంగా వాడి, పుట్టిన బిడ్డకూ ఇప్పిస్తే ఆ ప్రమాదం నూటికి ఐదు కంటే తక్కువ. తల్లిదండ్రులిద్దరూ పోయిన ఇంటిని నెట్టుకొస్తున్న పన్నెండేళ్లు దాటిన అక్కో అన్నో, తగిన పరిపక్వత ఉంటే, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు సంరక్షకులుగా బడిలో చేర్పించవచ్చని, బ్యాంకు ఖాతా నడపవచ్చని నేను మొదట చెప్పిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టంలోనే ఉంది. ఈ సంగతి బడిలో కూడా తెలియకపోవచ్చు. మీరు వెళ్లి చెప్పండి.

ఒక అమ్మమ్మ దగ్గర తొమ్మిదేళ్ల మనవడు పెరుగుతున్నాడు. వాడికి ఏఆర్‌టీ మాత్ర రోజూ ఒకే వేళకు పడాలి. ఆమెకేమో గడియారం చూడటం రాదు. టీవీలో రాత్రి సీరియల్ పాట వినబడగానే బియ్యం డబ్బాలో దాచిన సీసా తీసేది, కరెంటు పోయిన రాత్రి వేళ తప్పేది. మాతో వచ్చిన కుర్రాడు తన పాత ఫోనులో ఎనిమిదింటికి అలారం పెట్టి ఆమెకు ఇచ్చాడు. మొన్న మేము వెళ్లినప్పుడు అది మోగింది. "అమ్మమ్మా, మోగింది" అంటూ వాడే చెంబుతో నీళ్లు తెచ్చుకుని, మాత్ర కోసం చెయ్యి చాపాడు.