ఫీజుల తేడా, జీతాల తేడా

శ్రోతలకు నమస్కారం.

పిల్లల స్కూలు చదువు ముగిసే రోజుల్లో ప్రైవేటు యూనివర్సిటీల బ్రోచర్లు ఇంటికి చేరతాయి. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఒక జీతం ఉంటుంది. ఫీజు ఎక్కడో వెనక పేజీల్లో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని, ‘ఉద్యోగం వస్తే మూడేళ్లలో పెట్టిందంతా తిరిగొచ్చేస్తుంది’ అనుకుంటాం. ఎంతోమంది తల్లిదండ్రులు ఈ లెక్క మీదే సంతకం పెట్టేస్తున్నారు. అందుకే ఈ రోజు దీని గురించి మాట్లాడదామనుకున్నాను.

ఈ లెక్కలో మన అమ్మాయి సంపాదించబోయే జీతం మొత్తాన్నీ ఆ యూనివర్సిటీ ఖాతాలో వేసేస్తున్నాం. తక్కువ ఫీజున్న మరో కాలేజీలో అదే కోర్సు చదివినా ఆ అమ్మాయికి ఏదో ఒక జీతం వస్తుంది కదా! కాబట్టి చూడాల్సింది రెండు తేడాలు: ఫీజుల మధ్య తేడా, జీతాల మధ్య తేడా. లెక్క సులువుగా ఉండటానికి ఒకచోట మొత్తం ఖర్చు 20 లక్షలు, ఇంకోచోట 6 లక్షలు అనుకుందాం. అదనంగా పెడుతున్నది 14 లక్షలు. ఖరీదైన చోట చదివితే ఏడాదికి 6 లక్షలు, రెండోచోట చదివితే 5 లక్షలు వస్తాయనుకుంటే, అదనంగా వచ్చేది ఏడాదికి ఒక్క లక్షే. వడ్డీ, పన్ను అన్నీ పక్కన పెట్టినా, ఆ తేడా అలాగే కొనసాగితే 14 లక్షలు రాబట్టుకోవడానికి 14 ఏళ్లు పడుతుంది.

‘పెద్ద యూనివర్సిటీలో చదివినవాళ్లు బాగా సంపాదిస్తున్నారు, కళ్లెదుట కనిపిస్తూనే ఉంది’ అని మీరు అనవచ్చు. నిజమే. కానీ అది చదువు చెప్పిన చోటు గొప్పతనమా, చేరిన పిల్లల గొప్పతనమా? అమెరికాలో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు సరిగ్గా ఈ ప్రశ్నే వేసుకున్నారు. 1976లో కాలేజీల్లో చేరిన విద్యార్థుల వివరాలు తీసుకుని, ఒకే స్థాయి కాలేజీలకు దరఖాస్తు పెట్టి, ఒకే రకం కాలేజీల్లో సీటు వచ్చినవాళ్లను పోల్చి చూశారు. సీటు దొరకడం బాగా కష్టమైన కాలేజీలో చేరినవాళ్లకూ, అక్కడ సీటొచ్చినా అంత పేరులేని చోట చేరినవాళ్లకూ తర్వాతి సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2002లో వచ్చిన ఈ అధ్యయనంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది మరో మాట. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం అలాంటి కాలేజీ వల్ల మేలు జరిగింది. పరిచయాలు, దారి చూపే పెద్దలు ఇంట్లో లేనివాళ్లకు కాలేజీ అవి సమకూర్చి ఉంటుందని నా నమ్మకం. స్కాలర్‌షిప్ అవసరం అందరికన్నా ఎక్కువ ఉన్నది కూడా వాళ్లకే.

ఇక బ్రోచర్‌లోని జీతం సంగతి. సగటు జీతం అని రాస్తారు. పదిమందిలో తొమ్మిది మందికి 4 లక్షల చొప్పున, ఒక్కరికి 44 లక్షలు వచ్చాయనుకోండి. సగటు 8 లక్షలు అవుతుంది. ఆ 8 లక్షల జీతం ఆ పదిమందిలో ఒక్కరికీ లేదు! అందుకే మధ్యస్థ జీతం, అంటే వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న విద్యార్థి జీతం ఎంతో అడగండి. ఆ సగటు ఎంతమంది మీద కట్టారో కూడా అడగండి. 200 మంది చదువు పూర్తిచేస్తే, ఉద్యోగం వచ్చిన 80 మందినే లెక్కలోకి తీసుకుని ఉండవచ్చు. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లొస్తే మూడు ఉద్యోగాలుగా చూపించి ఉండవచ్చు. ప్యాకేజీ అని రాసినదాంట్లో బోనస్, షేర్లు కలిపి ఉండవచ్చు. నెలనెలా చేతికొచ్చేది వేరు.

కోర్సు మాట మరవకూడదు. ఒకే యూనివర్సిటీలో రెండు కోర్సుల మధ్య ఉండే జీతాల తేడా, రెండు యూనివర్సిటీల మధ్య తేడా కన్నా ఎక్కువగా ఉండటం మామూలే. అమెరికా ప్రభుత్వం కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే వెబ్‌సైట్‌లో 2015 నుంచి కాలేజీలవారీగా, ఆ తర్వాత కోర్సులవారీగా కూడా పాత విద్యార్థుల సంపాదన ప్రకటిస్తోంది. ఇలాంటి సమాచారం అడగడం ప్రతి విద్యార్థి హక్కు అని నేను గట్టిగా నమ్ముతాను.

అప్పు చేసేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. 10 శాతం వడ్డీకి 100 అప్పు తీసుకున్నారనుకుందాం. చదివే నాలుగేళ్లలో బారువడ్డీ లెక్కనే అది 140 అవుతుంది. దాన్ని పదేళ్ల నెలవాయిదాల్లో తీరిస్తే మొత్తం కట్టేది సుమారు 222. అంటే రెండింతలు దాటింది. పైగా మామూలు బ్యాంకు అప్పు ఉద్యోగం వచ్చేదాకా ఆగదు. ఆస్ట్రేలియాలో 1989లో మొదలైన పద్ధతి వేరు. అక్కడ ఆదాయం ఒక స్థాయి దాటాకే, పన్నుతోపాటు ఆ బాకీ వసూలు చేస్తారు. అలాంటి రక్షణ లేనిచోట వాయిదా భారం మొత్తం కుటుంబం మీదే పడుతుంది. చదువు మధ్యలో ఆగిపోతే మరీ కష్టం. చేతికి డిగ్రీ రాదు, బాకీ మాత్రం అలాగే ఉంటుంది.

జీతం తక్కువైనా టీచర్‌గానో, సమాజసేవలోనో పనిచేయాలని కోరుకునే పిల్లలుంటారు. వాళ్లను దయచేసి నిరుత్సాహపరచకండి. వాళ్లకు కావాల్సింది ఆ పని బాగా నేర్పే, అప్పు తక్కువయ్యే చోటు. నెత్తిన పెద్ద వాయిదా ఉంటే, ఇష్టమైన పని వదిలి ఎక్కువ జీతం వైపు పరిగెత్తక తప్పదు.

సీటు ఖాయం చేసుకునేముందు, అదే కోర్సు మూడు నాలుగేళ్ల కిందట పూర్తిచేసిన వాళ్లతో మాట్లాడండి. కాలేజీవాళ్లు పరిచయం చేసినవాళ్లే కాకుండా, మీ అంతట మీరు వెతికి పట్టుకున్న కొందరితో కూడా మాట్లాడండి. మొదటి ఉద్యోగం ఎన్ని నెలలకు వచ్చిందో, అది చదివిన చదువుకు సంబంధించిందేనా, ఇప్పుడు నెలకు చేతికెంత వస్తోందో అడగండి. వాయిదా కట్టాక ఎంత మిగులుతోందో కూడా మొహమాటపడకుండా అడగండి. ఆ జవాబులు కాగితం మీద రాసుకుని, ఆ కాగితాన్ని పిల్లల ముందు పెట్టి, వాళ్లతో కలిసి లెక్క వేయండి.

నమస్కారం.