డిస్క్ ఉంది, విండోస్‌కే కనిపించలేదు: కొత్త కంప్యూటర్‌లో ఇన్‌స్టలేషన్ ఆగిపోతే

[తెరపై: కొత్త కేబినెట్, తిరుగుతున్న ఫ్యాన్లు. మానిటర్‌పై విండోస్ సెటప్. డిస్కుల జాబితా ఖాళీగా ఉంది.]

మధ్యాహ్నం సికింద్రాబాద్ సీటీసీలో సామాన్లు కొన్నాం. చీకటి పడేసరికి అన్నీ బిగించాం. రాత్రి పదకొండుకు విండోస్ తాపీగా చెప్పింది: డ్రైవ్‌లేవీ కనిపించడం లేదు, స్టోరేజీ డ్రైవర్ (డిస్కుతో మాట్లాడే సాఫ్ట్‌వేర్) ఉంటే ఇవ్వండి అని.

మా పిన్ని కొడుకు ముఖం వాడిపోయింది. "అన్నయ్యా, ఎస్‌ఎస్‌డీ డిస్కు పోయినట్టేనా? రేపు మళ్లీ షాపుకు వెళ్లాలా?"

వెళ్లనక్కర్లేదు. ముందు బయోస్‌ను, అంటే విండోస్ కంటే ముందే నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్‌ను అడగాలి.

[తెరపై: కీబోర్డుపై డిలీట్ కీ, పక్కన ఎఫ్2.]

కంప్యూటర్ ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ వరుసగా నొక్కితే బయోస్ వస్తుంది. అక్కడి స్టోరేజీ పేజీలో మీ ఎస్‌ఎస్‌డీ పేరు లేకపోతే తప్పు బిగింపులో ఉంది. కార్డులా ఉండే ఎం.2 ఎస్‌ఎస్‌డీని ఏటవాలుగా లోపలికంటా తోసి, కిందికి వంచి, స్క్రూ వేయాలి. ఒక్క మిల్లీమీటరు బయట ఉన్నా మదర్‌బోర్డు దాన్ని గుర్తించకపోవచ్చు. ఇంకో చిక్కు ఉంది. చూడటానికి ఒకేలా ఉండే ఎం.2 కార్డుల్లో పాత పద్ధతి సాటా రకం వేరు, దానికన్నా వేగమైన ఎన్‌వీఎంఈ రకం వేరు. కొన్ని స్లాట్లు ఎన్‌వీఎంఈని మాత్రమే తీసుకుంటాయి. ఏ స్లాటు దేనికో మదర్‌బోర్డు పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకాన్ని అట్టపెట్టెతో పాటు అటక మీదికి విసిరేసినవాళ్లలో నేనూ ఒకణ్ని.

మా వాడి బయోస్‌లో ఎస్‌ఎస్‌డీ పేరు ఉంది, సైజు కూడా సరిగానే ఉంది. బయోస్‌కు కనిపించేది విండోస్‌కు ఎందుకు కనిపించదు?

[తెరపై: గీసిన బొమ్మ. ఒకవైపు ప్రాసెసర్, మరోవైపు ఎస్‌ఎస్‌డీ, మధ్యలో తెర.]

ఈ మధ్య వస్తున్న ఇంటెల్ ప్రాసెసర్లలో వీఎండీ అనే ఏర్పాటు ఉంటుంది. మొదట సర్వర్ల కోసం చేశారు. అనేక ఎన్‌వీఎంఈ డిస్కులను ఒకే కంట్రోలర్ కిందికి తెచ్చి, రెయిడ్‌గా, అంటే పలు డిస్కులు ఒక్కటిగా పనిచేసేలా కలపడానికి, సర్వర్ ఆపకుండానే డిస్కు మార్చడానికి. అది ఆన్‌లో ఉంటే డిస్కు ఆ కంట్రోలర్ చాటుకు వెళ్లిపోతుంది. బయోస్‌కు దాని భాష తెలుసు. విండోస్ సెటప్‌లో దాని డ్రైవర్ లేకపోతే ఖాళీ జాబితా చూపిస్తుంది.

ఇంట్లో ఒకటీ రెండూ డిస్కులతో రెయిడ్ లేకుండా వాడుకునేవారికి వీఎండీతో పనిలేదు. బయోస్‌లో దాన్ని ఆపేయండి. అయితే ఇది విండోస్ ఎక్కించడానికి ముందే జరగాలి. ఎక్కించాక మారిస్తే బూట్ డిస్క్ అందడం లేదంటూ నీలం తెర పలకరిస్తుంది.

ఆపడం ఇష్టం లేకపోతే మదర్‌బోర్డు కంపెనీ సైటు నుంచి ఆ డ్రైవర్‌ను దించుకుని, పెన్‌డ్రైవ్‌లో పెట్టి, సెటప్‌లో లోడ్ డ్రైవర్ నొక్కి చూపించాలి. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. దించుకున్న ఈఎక్స్‌ఈ ఫైలును అలాగే పెడితే సెటప్ దాన్ని పట్టించుకోదు. దానికి కావలసింది విప్పిన ఫోల్డరు, అందులో డ్రైవర్ వివరాలుండే ఐఎన్‌ఎఫ్ ఫైలు. ఏఎండీ బోర్డుల వాళ్లు వీఎండీ కోసం వెతకకండి. మీ దగ్గర రెయిడ్ మోడ్ పొరపాటున ఆన్‌లో ఉందేమో చూడండి.

మేము ఆపేశాం. డిస్కు వచ్చింది. వాడు సంతోషించలేదు. "ఒక టీబీ అన్నారు, 931 జీబీయే చూపిస్తోంది!" తయారీదారు వెయ్యితో లెక్కపెడతాడు, విండోస్ 1024తో లెక్కపెడుతుంది అని నేను చెప్పేలోపే నెక్స్ట్ నొక్కేశాడు.

[తెరపై: ఎర్ర గుర్తుతో ఎర్రర్. డిస్క్‌లో ఎంబీఆర్ విభజన పట్టిక ఉందన్న సందేశం.]

ఆ నొక్కుడు పాత హార్డ్ డిస్కు మీద పడింది. పాత కంప్యూటర్ నుంచి తెచ్చి అప్పుడే తగిలించిన డిస్కు అది. పాత ఎంబీఆర్ పద్ధతిలో విభజించినది. యూఈఎఫ్ఐ (కొత్త తరహా బయోస్) పద్ధతిలో మొదలైన సెటప్, కొత్త జీపీటీ పద్ధతిలో విభజించిన డిస్కును మాత్రమే ఒప్పుకుంటుంది. దీనికి అందరూ చెప్పే మందు షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి, డిస్కుల సాధనం డిస్క్‌పార్ట్ తెరిచి, డిస్కును ఖాళీ చేసే క్లీన్ కొట్టడం. మందు మంచిదే. కానీ ఆ డిస్కులో మా పిన్ని వాళ్ల ఇరవై ఏళ్ల ఫోటోలున్నాయి. క్లీన్ ఆదేశం నిజంగా తుడిచేయమంటారా అని మరోసారి అడగదు.

అందుకే నేను చేసేది ఒకటే. విండోస్ ఎక్కించాల్సిన డిస్కు తప్ప మిగతావాటి సాటా కేబుల్ పీకేస్తాను. రెండు డిస్కులుంటే సెటప్ ఒక్కోసారి విండోస్‌ను కొత్తదానిలో, బూట్ ఫైళ్లను పాతదానిలో పెడుతుంది. ఆర్నెల్ల తర్వాత పాతది తీసేసిన రోజు కంప్యూటర్ లేవదు.

పెన్‌డ్రైవ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఐఎస్‌ఓలోని (విండోస్ మొత్తం ఉండే ఒకే పెద్ద ఫైలు) ఫైళ్లను చేత్తో కాపీ చేయకండి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, విండోస్ ప్రధాన ఫైలు చాలాసార్లు ఆ హద్దు దాటుతుంది. మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తోనో, రూఫస్‌తోనో చేయండి. బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే యూఈఎఫ్ఐ అని ముందున్నదాన్ని ఎంచుకోండి. "మీడియా డ్రైవర్ లేదు" అని సెటప్ చెబితే పోర్టు మార్చండి, పెన్‌డ్రైవ్‌ను మళ్లీ రాయండి. 2009 నాటి విండోస్ 7కు యూఎస్‌బీ 3 డ్రైవర్ నిజంగానే ఉండేది కాదు. ఇప్పుడు ఆ మాట వెనక ఎక్కువసార్లు ఉండేది సరిగా రాయని పెన్‌డ్రైవే. విండోస్ 11 టీపీఎం 2.0 (భద్రతా ఏర్పాటు) అడిగితే బయోస్‌లో ఇంటెల్‌కైతే పీటీటీ, ఏఎండీకైతే ఎఫ్‌టీపీఎం ఆన్ చేస్తే సరిపోతుంది.

[తెరపై: ఇన్‌స్టలేషన్ శాతం. 37 దగ్గర ఆగింది. మళ్లీ మొదలు. ఈసారి 62.]

ఇక ఆ రాత్రి మమ్మల్ని నిజంగా ఏడిపించింది ఇదే. ఒకసారి 37 శాతం దగ్గర ఫైలు పాడైందంది. మరోసారి 62 దగ్గర. ప్రతిసారీ ఒకేచోట ఆగితే పెన్‌డ్రైవ్‌ను అనుమానించండి. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే నా చూపు ర్యామ్ మీదికి వెళుతుంది. సెటప్ పెద్ద మూటను ర్యామ్‌లో విప్పి డిస్కులోకి రాస్తుంది. విప్పేటప్పుడు ఒక్క బిట్ తారుమారైనా లెక్క తప్పుతుంది, నింద పెన్‌డ్రైవ్‌లోని ఫైలు మీద పడుతుంది.

"ఎక్స్ఎంపీ ఏమైనా పెట్టావా?" అని అడిగాను. ర్యామ్‌ను పెట్టె మీది వేగంతో నడిపించే బయోస్ సెట్టింగ్ అది. వాడు నేల చూపులు చూశాడు. "6000 ర్యామ్‌కు డబ్బులిచ్చాం కదా అన్నయ్యా, 4800 చూపిస్తుంటే మార్చాను."

వాడిది 14వ తరం ప్రాసెసర్. ఆ తరానికి ఇంటెల్ అధికారికంగా చెప్పే డీడీఆర్5 వేగం గరిష్ఠంగా 5600. అంతకు మించినదంతా ఓవర్‌క్లాకింగే, అంటే హద్దు దాటి పరుగెత్తించడమే, పెట్టె మీద ఎంత పెద్ద అంకె అచ్చువేసినా సరే. ఎక్స్ఎంపీ ఆపాం. మూడోసారి ఎక్కడా ఆగలేదు. అప్పటికీ ఆగి ఉంటే ర్యామ్ ఒక్కొక్కటే పెట్టి చూసేవాళ్లం, రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ నడిపేవాళ్లం. విండోస్ ఎక్కాక బయోస్ అప్‌డేట్ చేసి, ఎక్స్ఎంపీ మళ్లీ పెట్టి పరీక్షించుకోవచ్చు.

మొదటి రీస్టార్ట్ అప్పుడు పెన్‌డ్రైవ్ తీసేయండి, లేకపోతే సెటప్ మళ్లీ మొదటికి రావచ్చు.

[తెరపై: ఇంటర్నెట్‌కు కనెక్ట్ కావాలని అడుగుతున్న తెర. వైఫై జాబితా లేదు.]

రాత్రి రెండు. విండోస్ ఇంటర్నెట్ అడిగింది. కొత్త బోర్డు కావడంతో వైఫై డ్రైవర్ లేదు. ఆండ్రాయిడ్ ఫోనును కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే దాదాపు ఎప్పుడూ వేరే డ్రైవర్ అవసరం లేకుండానే నెట్ వస్తుంది. మా వాడు బెంగగా ఫోను చూపించాడు, చార్జింగ్ 9 శాతమే ఉంది. కేబుల్ పెట్టాం. నెట్ వచ్చింది, చార్జింగూ ఎక్కడం మొదలైంది.