నాఫ్టా వల్లే ఫ్యాక్టరీ పోయిందా? అమెరికా టీఏఏ రికార్డుల రివ్యూ

అందరికీ నమస్కారం. ఈసారి ఫోనూ కాదు, ల్యాప్‌టాపూ కాదు. అమెరికా ప్రభుత్వ రికార్డుల్ని రివ్యూ చేద్దాం. అక్కడ ఏదైనా ఊళ్లో ఫ్యాక్టరీ మూతపడితే "అంతా నాఫ్టా పుణ్యమే" అంటారు. నాఫ్టా అంటే అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య కుదిరిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం. ఆ మాటలో నిజమెంతో కాగితం మీద చూడాలంటే నేను మొదట తెరిచేది లేబర్ డిపార్ట్‌మెంట్ వారి ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్ రికార్డులు. పొట్టిగా టీఏఏ.

దిగుమతుల దెబ్బకో, ఉత్పత్తి విదేశానికి తరలిపోయో ఉద్యోగం పోయినవాళ్లకు శిక్షణ, భృతి ఇచ్చే పథకం ఇది. 1962లో మొదలైంది. ముగ్గురు కార్మికులు కలిసి సంతకం పెట్టినా చాలు, పిటిషన్ వేయగలిగేవాళ్లు. యూనియన్ వేయగలిగేది, కంపెనీ కూడా వేయగలిగేది. డిపార్ట్‌మెంట్ విచారించి ఔనో కాదో తేల్చేది. ఒక్కో పిటిషన్‌కీ టీఏ-డబ్ల్యూ అని మొదలయ్యే నంబరు ఉంటుంది. అది రాసిపెట్టుకోండి, తర్వాత ప్రతిచోటా దాంతోనే పని.

నాకు బాగా నచ్చింది తీర్పు కాగితం. చదవడానికి విసుగే, కానీ సరుకు అక్కడే ఉంది. కంపెనీ పేరు కింద చాలాసార్లు "ఇక్కడే పనిచేస్తున్న ఫలానా ఏజెన్సీ కార్మికులతో సహా" అని ఒక ముక్క ఉంటుంది. కాంట్రాక్టు మీద వచ్చినవాళ్లన్నమాట. పేపర్లలో వచ్చే లెక్కల్లో వీళ్లు కనిపించడం తక్కువ. తిరస్కరించిన పిటిషన్లు కూడా వదలకండి. దిగుమతులు కారణం కాదని ఎందుకు తేల్చారో అందులో రాసి ఉంటుంది.

ఇక అసలు చిక్కు. పిటిషన్ పాసైందంటే "ఒప్పందమే కారణం" అని రుజువైనట్టు కాదు. దిగుమతులు ఒక ముఖ్య కారణమైతే చాలు, మిగతా కారణాలన్నిటికంటే పెద్దది కానక్కర్లేదు. చట్టంలో మాటే అది. 1994 నుంచి 2002 దాకా నాఫ్టాకి విడిగా ఒక పథకం నడిచింది. అందులో కూడా సరుకు మెక్సికో నుంచో కెనడా నుంచో వచ్చిందా, పని అక్కడికి తరలిందా అనే చూశారు. ఒప్పందం లేకపోతే ఆ పని ఇక్కడే ఉండేదా అన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. అందుకే టీఏఏ అంకెల్ని కూడేసి "నాఫ్టా ఇన్ని ఉద్యోగాలు తీసేసింది" అని థంబ్‌నెయిల్ పెట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

ఆ కూడిక ఇంకోలా కూడా తప్పే. కార్మికుల సంఖ్య చాలావరకు అంచనా. పిటిషన్ వేయనివాళ్లు అసలు లెక్కలోకే రారు. 2009కి ముందు సేవారంగం వాళ్లకి దాదాపు చోటే లేదు.

ఇలినాయ్‌లోని గేల్స్‌బర్గ్ తీసుకోండి. అక్కడి మేటాగ్ ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ మూసేస్తామని 2002లో ప్రకటించారు, 2004లో మూసేశారు. పని మెక్సికోలోని రెనోసాకి పోయింది. దాదాపు 1,600 ఉద్యోగాలు. ఒక్క సంవత్సరం పెట్టి వెతికితే ఇలాంటివి జారిపోతాయి. పిటిషన్ తేదీ వేరు, ఆఖరి షిఫ్ట్ తేదీ వేరు. అటూ ఇటూ రెండేళ్లు కలిపి వెతకండి. ఊరి పేరుతో దొరక్కపోతే మాతృసంస్థ పేరు కొట్టండి.

దీనికి తోడుగా బ్యూరో ఆఫ్ లేబర్ స్టాటిస్టిక్స్ వారి కౌంటీ (మన జిల్లా లాంటిది) లెక్కలు పక్కన పెట్టుకోవచ్చు. ఏ కౌంటీలో ఏ పరిశ్రమకి ఎన్ని ఉద్యోగాలో ఉంటాయి. కానీ కౌంటీలో ఆ రకం ఫ్యాక్టరీ ఒక్కటే ఉంటే, కంపెనీ గుట్టు బయటపడకూడదని ఆ గడి దాచేస్తారు. సరిగ్గా మనకి కావాల్సిన చోటే ఖాళీ!

నా రేటింగ్ 5కి 3.5. ఫలానా ఫ్యాక్టరీకి ఏమైందో తెలుసుకోవడానికి దీన్ని మించింది నాకు కనబడలేదు, ఊరి మొత్తం లెక్కకి మాత్రం పనికిరాదు.

ఇంకోటి, 2022 జులై 1 నుంచి కొత్త పిటిషన్లు తీసుకోవడం ఆపేశారు. ఆ తర్వాత మూతపడ్డ వాటికి వార్న్ నోటీసులు చూడాలి. 100 మంది, అంతకు మించి ఉన్న కంపెనీలు పెద్ద ఎత్తున జనాన్ని తీసేసే ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి కదా, అవి. రాష్ట్రాల సైట్లలో దొరుకుతాయి. కాకపోతే ఆ పని ఏ దేశానికి పోయిందో చెప్పాలన్న నియమం వాటికి లేదు.