ఊరి గింజల నిధి: పదిహేను ఇళ్ళతో ఇట్లా మొదలుపెట్టండి

నమస్తే అండి. పదిహేను ఇళ్ళు కలిసి ఒక గింజల నిధి ఎట్లా పెట్టుకోవచ్చో ఈ వీడియోలో చూపిస్తాను. యాసంగి జొన్న కోతలయ్యాక ఇంటికి కొంత చొప్పున ఒకచోట దాస్తాం. వానాకాలం మొదట్లో, పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా రాని రోజుల్లో, కడుపు నిండని ఇంటికి అవి అందిస్తాం. అంతే పని.

ఈ పద్ధతిని తెలంగాణలోని జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళల్లో దళిత ఆడవాళ్ళు చేసి చూపించారు. అక్కడివి వానమీద బతికే మెట్ట చెలకలు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. ఎందరికో అన్నం పెట్టింది, ఆ మేలు మర్చిపోకూడదు. కానీ చౌక బియ్యం ఇంటికొస్తుంటే జొన్న వేసేవాళ్ళు తగ్గారు, చెలకలు పడావు పడ్డాయి. చెలక పడావు పడితే ముందు పోయేది కూలి. ఆ తర్వాత చొప్ప లేక పశువులు పోతాయి, పశువులు పోతే ఎరువు పోతుంది.

1990ల మధ్యలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) అనే స్వచ్ఛంద సంస్థ తోడుగా అక్కడి మహిళా సంఘాలు ఆ పడావు భూములను మళ్ళీ దున్నించాయి. దున్నకానికి, ఎరువుకు, కలుపుకు చిన్న రైతులకు అప్పు ఇచ్చారు. ఆ అప్పును పైసల్లో తీసుకోలేదు, కొన్నేళ్ళపాటు జొన్నల్లో తీసుకున్నారు. ఆ జొన్నలు ఊళ్ళోనే దాచి, ఊళ్ళోని పేదలకే తక్కువ ధరకు అమ్మారు. ఊరు పండించింది, ఊరే దాచింది, ఊరే తిన్నది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ డీడీఎస్‌కు వచ్చింది.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. పదిహేను ఇళ్ళల్లో పన్నెండు ఇళ్ళు ఇవ్వగలిగేవి, మూడు ఇళ్ళు ఇబ్బందిలో ఉన్నవి అనుకోండి. ఇంటికి 12 కిలోల చొప్పున వేస్తే 144 కిలోలు అవుతాయి. ఇబ్బందిలో ఉన్న ఇంటికి నెలకు 10 కిలోలు, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నాలుగు నెలలు ఇస్తే మూడు ఇళ్ళకు 120 కిలోలు. మిగిలిన 24 కిలోలు ఎవరింట్లోనైనా జబ్బో చావో వస్తే ఉంటాయి. రేషన్ బియ్యం ఎట్లాగూ వస్తుంది కదా అంటారేమో. రానివ్వండి. అది కడుపు నింపుతుంది, కానీ రొట్టెకు, అంబలికి, ఊళ్ళో పనికి, పశువుల మేతకు అది ఉపయోగపడదు. 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలకూ చోటుంది. అయినా మన రేషన్ షాపుల్లో దొరికేది ప్రధానంగా బియ్యమే.

అసలు కష్టమైన పని లిస్టు రాయడం. ఈ గింజలు ఎవరికి వెళ్ళాలి? దీన్ని సర్పంచ్‌కో, ఒక పెద్దమనిషికో వదిలేయకండి. జహీరాబాద్ ఊళ్ళల్లో జనమంతా ఒకచోట కూర్చుని, నేలమీద ముగ్గుతో ఊరి బొమ్మ వేసి, ఒక్కో ఇంటి గురించి మాట్లాడుకున్నారు. భూమి ఉందా? ఎడ్లున్నాయా? పిల్లలెంతమంది? రోజుకు ఎన్నిసార్లు పొయ్యి వెలుగుతుంది? మీరూ అట్లాగే చేయండి, ఆడవాళ్ళను ముందు కూర్చోబెట్టండి. ఎవరింట్లో డబ్బా ఖాళీ అయిందో వాళ్ళకే తెలుస్తుంది. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళను మాత్రం గట్టిగా పట్టించుకోండి. వేలిముద్రలు అరిగిపోయి రేషన్ షాపు మిషన్ దగ్గర తిప్పలు పడేది వాళ్ళే. నోరు తెరిచి అడగనిది కూడా వాళ్ళే. లిస్టు పూర్తయ్యాక అందరి ముందు ఒకసారి చదవండి. ఎవరైనా కాదంటే అక్కడే మాట్లాడుకోండి.

ఊరికే ఇవ్వాలా, ధర పెట్టాలా? నా అభిప్రాయం చెప్తాను: బజారు ధరలో మూడో వంతైనా సరే, ధర పెట్టండి. కొనుక్కున్న మనిషి తల దించుకోవాల్సిన పని ఉండదు. ఆ పైసలు నిధికే చేరి వచ్చే ఏడు విత్తనాలకు పనికొస్తాయి. అదీ కట్టలేని ఇల్లు ఉంటే ఒకరోజు గింజలు ఎండబెట్టే పని చేస్తే చాలు. ముసలివాళ్ళ దగ్గర ఏమీ తీసుకోవద్దు.

ఇక నిల్వ. ఇక్కడ కాస్త దగ్గరగా చూడండి. జొన్నలు రెండు మూడు మంచి ఎండలు ఎండాలి. ఇదిగో, ఒక గింజ పంటి కింద పెట్టి కొరకండి. టక్కుమని విరిగితే ఎండినట్టు, నలిగితే ఇంకా తడి ఉన్నట్టు. చాలామంది ఎండలోంచి తీసి వేడివేడిగానే గంపలో పోసేస్తారు. అట్లా చేస్తే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. రాత్రంతా ఆరనిచ్చి పొద్దున పోయండి.

ఈ గంప చూడండి, లోపలా బయటా పేడ, మట్టి కలిపి అలికాం. అలుకు పూర్తిగా ఆరాలి. అడుగున ఎండిన వేపాకు, తర్వాత గింజలు, మధ్యమధ్యలో మళ్ళీ వేపాకు, పైన మూత పెట్టి అంచులు మట్టితో మూసేయాలి. గంపను నేలమీద పెట్టొద్దు. నాలుగు రాళ్ళమీద, గోడకు జానెడు దూరంగా పెట్టండి. నెలకోసారి మూత తీసి చెయ్యి లోపలికి పెట్టి చూడండి, వేడి తగిలిందంటే పురుగో బూజో మొదలైందన్నమాట. వెంటనే తీసి మళ్ళీ ఎండబెట్టాలి.

విత్తనం మాత్రం ఇందులో కలపొద్దు. దాన్ని బూడిద కలిపి కుండలో వేరుగా పెట్టండి. కంది విత్తనానికైతే ఎర్రమట్టి పట్టించి ఎండబెడతారు, పుచ్చు పురుగు అంత తొందరగా పట్టదు.

ఈ గంప ఎవరింట్లో ఉండాలన్నది కూడా తేల్చుకోండి. ఒకరింట్లో గంప, ఇంకొకరి దగ్గర పుస్తకం ఉంటే మంచిది. తీసిన ప్రతిసారీ ముగ్గురి ముందు తూచి రాయండి. మీ వైపు జొన్న కాకుండా రాగి, సజ్జ, కొర్ర పండితే అవే పెట్టండి. పక్క జిల్లా నుంచి కొని తెచ్చి నింపితే ఈ పనికి అర్థం ఉండదు.

మృగశిర కార్తెలో గింజలు ఇవ్వడానికి మొదటిసారి గంప తెరవండి. మీ ఊళ్ళో ఏ పంట, ఎన్ని ఇళ్ళు కలుస్తున్నారో కామెంట్‌లో రాయండి. నిల్వ గురించి డౌట్లుంటే అక్కడే అడగండి, జవాబు ఇస్తాను.