సోడియం దీపంలో లేని అంకె

(జాతీయ విజ్ఞాన దినోత్సవం సందర్భంగా ఒక డిగ్రీ కళాశాలలో విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం)

అధ్యక్షులు ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, నన్ను గుర్తుపెట్టుకుని పిలిచిన ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు వారికి, పొద్దున్నుంచీ ఉపన్యాసాలు వింటూ ఇంకా లేచిపోని పిల్లలకు నమస్కారం. ఫిబ్రవరి చివర్లో శాలువా కప్పారు. ఆచారం కాబట్టి కప్పుకున్నాను, ఇప్పుడు తీసేస్తున్నాను.

కాంతి వ్యతికరణం మీద, అంటే రెండు వెలుగు అలలు ఒకచోట కలిస్తే ఏమవుతుందన్న దాని మీద, మాట్లాడమన్నారు. ముందు సిద్ధాంతం, తరువాత ప్రయోగాలు, చివర్లో ఉపయోగాలు అని కాగితం మీద రాసుకొచ్చాను కూడా. కానీ మీ ల్యాబ్ మీదుగా వస్తుంటే గోడ మీద చార్టు కనబడింది. న్యూటన్ వలయాలు, అంటే గాజుపలక మీద కటకం పెడితే కనబడే వెలుగు, చీకటి చక్రాలు. వాటితో కొలిచే సోడియం కాంతి తరంగదైర్ఘ్యం 5893 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదో వంతు), కింద ఎర్ర ఇంకుతో రెండు గీతలు. అది చూశాక నా కాగితం మడిచి జేబులో పెట్టేశాను. ఆ 5893తో నాకు పాత తగాదా ఉంది.

ఒకసారి ఒక కాలేజీకి ప్రాక్టికల్స్ ఎగ్జామినర్‌గా వెళ్ళాను. ఏ కాలేజీ అని అడక్కండి. బ్యాచ్ మొత్తానికీ న్యూటన్ వలయాలే. అందరికీ 5893 వచ్చింది. ఒక్కరికీ 5850 రాలేదు, ఒక్కరికీ 5960 రాలేదు. వలయాలు కొలిచే ట్రావెలింగ్ మైక్రోస్కోప్ మర తిప్పితే అడ్డంగా ఊగుతోంది, అయినా 5893. ఒకమ్మాయి దగ్గర ఆగాను.

"ఏమ్మా, మధ్యలో ఏం కనబడుతోంది?"

"నల్ల చుక్క సార్."

నేను కన్ను పెట్టి చూశాను. తెల్లగా ఉంది. "మళ్ళీ చూడు తల్లీ" అన్నాను. చూసింది. చాలాసేపు మాట్లాడలేదు. "తెల్లగానే ఉంది సార్, కానీ నల్లగా ఉన్నట్టు రాయమన్నారు" అంది.

ఆ పిల్లని నేనేమీ అనలేదు. రికార్డు పుస్తకం చేతికిచ్చి, ఎంత రావాలో ముందే చెప్పి, మార్కులు ఆ అంకెకే వేసేవాళ్ళని అనాలి. పెళ్ళి ఖర్చు ముందే తేల్చుకుని తరువాత బిల్లులు రాయించుకున్నట్టు, సమాధానం దగ్గర బయలుదేరి రీడింగుల దాకా వెనక్కి నడుస్తారు!

అసలు అక్కడ ఏం జరుగుతోందో చూడండి. గాజుపలక మీద కుంభాకార కటకం పెడతాం. రెంటి మధ్య పలుచని గాలిపొర. ఆ పొర పైఅంచు నుంచి కొంత కాంతి, కిందిఅంచు నుంచి కొంత కాంతి తిరిగొస్తాయి. కింది నుంచి వచ్చేది గాజుకు తగిలి వెనక్కి వస్తుంది గనక అర తరంగం తేడా అదనంగా పడుతుంది. కటకం, పలక తాకేచోట గాలి మందం సున్నా, మిగిలేది ఆ అర తరంగమే. ఒకదాని శిఖరం మీద ఇంకోదాని ద్రోణి పడుతుంది. అందుకే అక్కడ నలుపు. వెలుగుకు వెలుగు కలిపితే చీకటి వచ్చింది! వాళ్ళ బల్ల మీద కటకం కింద ధూళి ఉంది, అది పలకను తాకలేదు. తాకనప్పుడు మధ్యలో తెలుపు రావచ్చు. రానివ్వండి, లెక్క చెడదు. మనం ఒక్క వలయం వ్యాసం తీసుకోం, రెండు వలయాల వ్యాసవర్గాల భేదం తీసుకుంటాం. ఆ తీసివేతలో ధూళి తెచ్చిన తేడా కొట్టుకుపోతుంది. ఆ సూత్రం అలా ఉన్నదే అందుకు. ఆ అమ్మాయి "తెలుపు" అని రాస్తే ఫిజిక్స్ ఎక్కువ తెలిసినట్టు.

ఇంగ్లండు శాస్త్రవేత్త థామస్ యంగ్ కావాలనే మధ్యలో తెలుపు తెప్పించాడు. రెండు రకాల గాజుల మధ్య సస్సాఫ్రాస్ నూనె పోశాడు. దాని వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె, రెండు గాజుల గుణకాలకీ నడుమన ఉంటుంది. అప్పుడు రెండు పరావర్తనాల్లోనూ అర తరంగం తేడా పడి ఒకదానికొకటి చెల్లిపోయింది, నల్ల చుక్క తెల్లబడింది.

యంగ్ పేరెత్తాను కాబట్టి ఇంకోమాట. యంగ్ అనగానే మీరు రెండు చీలికల బొమ్మ వేస్తారు, రెండు సన్నని సందుల్లోంచి వచ్చిన కాంతి కలిసి తెర మీద చారలు వేసే బొమ్మ. 1803 నవంబరులో రాయల్ సొసైటీ ముందు ఆయన చదివిన వ్యాసంలో ప్రయోగం వేరు. కిటికీ తలుపుకు రంధ్రం, దాని మీద సూదితో పొడిచిన మందపాటి కాగితం, బయట ఎండను లోపలికి తిప్పే అద్దం. ఆ సన్నని కిరణానికి అడ్డంగా అంగుళంలో ముప్పయ్యో వంతు వెడల్పున్న అట్టముక్క పెట్టాడు. అట్ట నీడలోపల చారలు కనబడ్డాయి. అట్టకు ఒక పక్క నుంచి వచ్చే కాంతిని ఆపాడు. రెండోపక్క కాంతి అలాగే ఉన్నా నీడలోపలి చారలు మాయం. చారలకు రెండు పక్కలూ కావాలన్నమాట. రెండు రంధ్రాల వర్ణన 1807 నాటి ఉపన్యాసాల పుస్తకంలోది. హెన్రీ బ్రూమ్ అనే ఆయన ఎడిన్‌బరో రివ్యూ పత్రికలో పేరు పెట్టుకోకుండా యంగ్‌ని చీల్చి చెండాడాడు, ఆ కథ మొదలుపెడితే టీ చల్లారిపోతుంది, వదిలేద్దాం.

5893 దగ్గరికి వస్తాను. వెనక బెంచీ వాళ్ళూ, వింటున్నారా? ఆ తరంగదైర్ఘ్యం గల గీత, అంటే ఆ ఒక్క రంగు కాంతి, సోడియం దీపంలో లేదు! ఉన్నవి రెండు, దరిదాపుగా 5890 ఒకటి, 5896 ఒకటి. మీరు రాసేది వాటి సగటు. 1862లో ఫ్రాన్స్‌లో ఫిజో అనే శాస్త్రవేత్త ఇవే వలయాలు చూస్తూ కటకాన్ని మెల్లగా పైకి జరిపాడు. సుమారు 490 వలయాలు దాటేసరికి అన్నీ అలుక్కుపోయాయి. సుమారు 980 దగ్గర మళ్ళీ స్పష్టంగా వచ్చాయి. ఒక రంగు వెలుగు చార మీద రెండోదాని చీకటి చార పడితే అలుక్కుపోతుంది, ఇంకా జరిపితే రెండూ మళ్ళీ కలుస్తాయి. అలా పసుపు కాంతిలో రెండు దైర్ఘ్యాలున్నాయని పట్టుకున్నాడు. "వలయాలు అలుక్కుపోయాయి, ప్రయోగం చెడింది, పుస్తకంలో ఉన్నది రాసేద్దాం" అనుకుని ఉంటే?

ఇవాళ ఎవరి పేరున దీపం వెలిగించాం? విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీలో చదివిన రామన్ పేరున. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో విద్యార్థిగా ఉండగా స్పెక్ట్రోమీటర్‌లో కనబడిన వివర్తన చారలు, అంటే సందు దాటుతూ వంగిన కాంతి వేసే చారలు, రెండు వైపులా ఒకేలా లేవు. ఒకేలా ఉన్నట్టు రాసి రికార్డు సంతకం చేయించుకోలేదు. ఆ తేడా మీదే ఆయన మొదటి వ్యాసం, 1906లో ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో వచ్చింది. అప్పటికి పద్ధెనిమిదేళ్ళు. మీ వయసే.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఐదే నిమిషాలు. బాబూ, ఆ కిటికీలు మూసి లైట్లు ఆర్పండి. లేజర్ పాయింటర్ నేను తెచ్చాను. లేబుల్ మీద 650 నానోమీటర్లని ఉంది. ఎవరూ దానికేసి కన్ను పెట్టకండి. ఒక తలవెంట్రుక కావాలి, నాది అడక్కండి, చూస్తున్నారుగా. ఆ, థాంక్సమ్మా. యంగ్ గారి అట్టముక్క ఇదే అనుకోండి. అదిగో గోడ మీద చారలు. వెంట్రుక నుంచి గోడకు దూరం టేపుతో కొలవండి, మధ్య వెలుగుకు ఒకే పక్కనున్న చీకటి చారకీ దాని పక్క చీకటి చారకీ ఎడం స్కేలుతో కొలవండి. తరంగదైర్ఘ్యాన్ని దూరంతో గుణించి ఎడంతో భాగిస్తే వెంట్రుక మందం వస్తుంది. ఇద్దరేసి రండి, ఎవరి కాగితం వాళ్ళదే.

ఏంటి బాబూ? ఎంత రావాలా? చెప్పను. నువ్వు కొలువు.