ఓటడిగే ముందు నీళ్ల లెక్క చెప్పండి

శ్రోతలకు నమస్కారం.

ఎన్నికలొచ్చాయంటే నల్లగొండలో, పాలమూరులో పొద్దున్నే మైకులు మొదలవుతాయి. పింఛన్లు, ఇళ్లు, రోడ్లు, సంఘాల భవనాలు, అన్నీ వినిపిస్తాయి. నీళ్ల మాటా వస్తుంది. ఆ నీళ్లలో ఏముంది, ఎంతుంది అన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. పోటీలో నిలబడ్డవాళ్లు సైన్సుతో ముడిపడ్డ విషయాల మీద జనం ముందు చర్చకు రావాలా వద్దా అన్నది ఈ పూట మన ముచ్చట. రావాలనే నేనంటాను. ఎలా రావాలన్న దగ్గరే కొంచెం పేచీ ఉంది.

ఈ జిల్లా ఒకసారి దేశమంతా తిరిగి చూసేలా నీళ్ల ప్రశ్న అడిగింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. గెలుద్దామని కాదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోతున్నాయి, కృష్ణా నీళ్లియ్యండి అని చెప్పడానికి జలసాధన సమితి పిలుపు మీద రైతులు నామినేషన్లు వేశారు. అన్ని పేర్లు, అన్ని గుర్తులు అచ్చువేసేసరికి బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. పోలింగే వాయిదా పడింది. చివరికి దాదాపు అందరి డిపాజిట్లూ గల్లంతయ్యాయి. అదే ఏడాది చట్టం సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. అందుకు నల్లగొండ ఒక్కటే కారణం కాదు లెండి, తమిళనాడులో ఒక అసెంబ్లీ స్థానానికి వెయ్యి మందికి పైగా నిలబడ్డారు. అయినా చూడండి, ప్రశ్నకు జవాబు రావడానికి ఏళ్లు పట్టింది, అడగడానికి కట్టాల్సిన సొమ్ము మాత్రం వెంటనే పెరిగింది.

ఇప్పుడు మిషన్ భగీరథ పైపులొచ్చాయి. చాలా ఊళ్లలో నల్లా తిప్పితే నదినీళ్లు వస్తున్నాయి. పరిస్థితి మారింది, ఒప్పుకోవాలి. కానీ మోటారు కాలిపోయో, పైపు పగిలో నాలుగు రోజులు నల్లా బంద్ అయితే మళ్లీ బోరు దగ్గరికే పోతాం. మన నేల అడుగున ఉన్నది గ్రానైట్ రాయి. ఫ్లోరైడ్ ఉండే ఖనిజాలు ఆ రాతిలోనే ఉన్నాయి. నీరు ఎంతకాలం ఆ రాతిని అంటిపెట్టుకుని ఉంటే అంత ఎక్కువ కరిగించుకుంటుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతోంది. మరగబెడితే పోతుందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పోదు. నీరు ఆవిరై, మిగిలినదాంట్లో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

ఇప్పుడొక అభ్యర్థి వచ్చి, నన్ను గెలిపిస్తే వాడకో బోరు వేయిస్తానన్నాడనుకోండి. చప్పట్లు కొడతాం. అది సైన్సు ప్రశ్న అని మనకు తట్టదు. నీళ్లు పడ్డాక పరీక్ష చేయిస్తావా అన్నా, ఫలితం బోరు పక్కన రాయిస్తావా అని ఎవరూ అడగరు. ఇంకొకాయన వాటర్ ప్లాంటు పెట్టిస్తానంటాడు. మంచిదే. ఒకసారి ఆ ప్లాంటు వెనక్కి వెళ్లి చూడండి. ముందువైపు ఇరవై లీటర్ల క్యాన్లు వరుసగా ఉంటాయి, రిబ్బను కత్తిరించిన ఫొటో గోడకుంటుంది. వెనకవైపు సన్నపాటి పైపు నుంచి నీరు మోరీలోకి కారుతూనే ఉంటుంది. క్యాన్లోకి రాకుండా ఆపిన ఫ్లోరైడంతా ఆ పైపులోనే బయటికి పోతోంది. ఆ నీరు చివరికి ఎక్కడ ఇంకుతోంది? ప్లాంటులో నీటిని వడగట్టే పొర, అంటే మెంబ్రేన్, మార్చే ఖర్చు ఎవరిది? వేదిక మీద అడగాల్సినవి ఇవి.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి తయారుచేసింది. దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు పెట్టారు. ఆఫ్రికాలో కూడా వాడి చూశారు. అయితే నీటిని బట్టి పటిక మోతాదు మార్చాలి, అడుగున చేరే మడ్డిని రోజూ తీసి ఎక్కడో పారబోయాలి. అంటే దగ్గరుండి చూసుకునే మనిషి కావాలి. యంత్రం పెడతామనే నాయకుడికి ఆ మనిషి జీతం గుర్తుండదు.

"ఫ్లోరైడ్ గీరైడ్ మాకేం ఎర్క సారూ, ఇంజినీర్లున్నరు గదా" అంటారు నాయకులు. ఇంజినీర్లున్నారు, నిజమే. కానీ డబ్బు ఏ పనికి పోవాలో, ఏది ఎప్పటికి పూర్తవుతుందని జనానికి మాటివ్వాలో తేల్చేది వాళ్లు కాదు. కృష్ణా నీళ్లను నల్లగొండకు తేవడానికి తలపెట్టిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగమే తీసుకోండి. దాదాపు 44 కిలోమీటర్లు. పైన అమ్రాబాద్ పులుల అడవి, అందుకని రెండు చివరల నుంచే తవ్వుకుంటూ పోవాలి. అదిగో అయిపోతుంది, ఇదిగో అయిపోతుంది అని ఎన్ని సభల్లో విన్నామో! కొండ లోపల రాయి ఎక్కడ వదులుగా ఉంది, ఊట ఎక్కడుంది అని మనం సభల్లో ఎవరినీ నిలదీయలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. గడువు ప్రకటించే ముందు ఆ రాతి సంగతి మైకులో చెప్పించి ఉండాల్సింది.

ఇక పేచీ దగ్గరికి వద్దాం. వేదిక మీద నోరున్నవాడిదే రాజ్యం. ఫ్లోరైడ్ చెడ్డదా కాదా అని ఇద్దరిని కొట్లాడిస్తే, ఎప్పుడో తేలిపోయిన సంగతి కూడా సగం సగం అనుమానమైపోతుంది. చర్చ జరగాల్సింది ఏం చేస్తారన్నదాని మీద. అమెరికాలో 2008 అధ్యక్ష ఎన్నికలప్పుడు శాస్త్రవేత్తలు సైన్సు మీద బహిరంగ చర్చ కావాలని పట్టుబట్టారు. వేదిక కుదరలేదు గానీ ఒబామా, మెక్‌కెయిన్ ఇద్దరూ 14 ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబులిచ్చారు. రాత దగ్గర గొంతు పెంచే వీల్లేదు, నాకు నచ్చింది అదే. మన దగ్గర గుర్తింపు పొందిన పార్టీలకు ఎన్నికల వేళ ఆకాశవాణిలో సమయమిస్తారు. అది ప్రసంగం, ఎదురు ప్రశ్న ఉండదు. నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు రాయాలి. బంగారం ఎన్ని తులాలుందో తెలుస్తుంది, బోర్ల గురించి ఏమనుకుంటున్నారో తెలియదు.

కాబట్టి ముందు రాత, తర్వాత మాట. పోలింగుకు పది రోజుల ముందే ప్రశ్నలిచ్చి, సంతకం పెట్టిన జవాబులు ఊళ్లో అందరికీ కనిపించేచోట అతికించాలి. ఆ తర్వాత ఒక సాయంత్రం అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, రిటైరైన సైన్సు సారుతోనో టీచరమ్మతోనో ఆ జవాబుల మీదే అడిగించాలి. తెలియకపోతే "తెలియదు, కనుక్కుని ఫలానా రోజు చెబుతా" అన్నవాళ్లను ఎగతాళి చేయొద్దు, ఆ రోజు గుర్తుపెట్టుకుని మళ్లీ అడగాలి. మొదటి ప్రశ్న నేనే రాసిస్తాను: మా ఊరి బోర్లలో ఫ్లోరైడ్ ఎంతుంది, కిందటిసారి ఎప్పుడు పరీక్షించారు, నల్లా బందైన రోజు మేం ఏ నీళ్లు తాగాలి?

సెలవు, నమస్కారం.