సబ్‌మెరైన్ల బలం లెక్క ఎక్కడ తప్పుతుంది?

అందరికీ నమస్కారం. ఏ దేశానికి ఎన్ని సబ్‌మెరైన్లు ఉన్నాయో చూపే పట్టికలు పేపర్లలో తరచూ వస్తుంటాయి. చిన్న నౌకాదళాల విషయంలో వాటిని నమ్మకండి అని చెప్పడానికే వచ్చాను.

1982లో బ్రిటన్, అర్జెంటీనా మధ్య జరిగిన ఫాక్లాండ్స్ దీవుల యుద్ధమే తీసుకోండి. అర్జెంటీనా దగ్గర పేరుకు నాలుగు సబ్‌మెరైన్లు. ఒకటి మునగలేని స్థితికి వచ్చింది. ఇంకొకటి శబ్దం ఎక్కువ చేస్తోందని రేవులోనే ఉంచారు. మూడోది దక్షిణ జార్జియా దీవి దగ్గర దెబ్బతిని బ్రిటన్ చేతికి చిక్కింది. మిగిలింది జర్మనీ తయారీ సాన్ లూయిస్ ఒక్కటే. దానికీ గురి లెక్కగట్టే కంప్యూటర్ పాడైంది, సిబ్బంది చేత్తో లెక్కలు వేసుకున్నారు. టార్పెడోకు, అంటే నీళ్లలో దూసుకెళ్లి నౌకను పేల్చే ఆయుధానికి, ఆదేశాలు అందించే తీగ మధ్యలోనే తెగిపోయేది. ఒక్క నౌకనూ ముంచలేకపోయింది.

అయినా బ్రిటన్ దాన్ని పట్టుకోలేకపోయింది. నీళ్లలో ఏది కదిలినా అదే అనుకుని, తిమింగలాల మీద కూడా ఆయుధాలు ప్రయోగించింది. ఇంత లోపాల సబ్‌మెరైన్ అంత పెద్ద నౌకాదళాన్ని టెన్షన్ పెట్టింది. ఆ టార్పెడోలను ముందే సముద్రంలో సరిగ్గా పరీక్షించి ఉంటే? నన్ను ఇప్పటికీ వదలని ప్రశ్న ఇది.

అందుకే నేను అడిగేది వేరు. ఆ సబ్‌మెరైన్ నిరుడు ఎన్ని రోజులు నీళ్ల కింద ఉంది? అసలు టార్పెడో చివరిసారి ఎప్పుడు పేల్చి చూశారు? బ్యాటరీల సంగతేంటి? అదే అర్జెంటీనాకు చెందిన సాన్ హువాన్ అనే సబ్‌మెరైన్‌కు ఒళ్లు రెండుగా కోసి పెద్ద రిపేరు చేశారు, 960 బ్యాటరీ సెల్స్ బాగుచేశారు. అయినా 2017 నవంబరు 15న, గాలి తీసుకునే గొట్టం గుండా నీరు చేరి బ్యాటరీల దగ్గర షార్ట్ సర్క్యూట్ అయిందని కబురు పంపాక, 44 మందితో మాయమైంది. ఏడాది తర్వాత 900 మీటర్ల లోతున దొరికింది.

ఇక, ఆపదలో కాపాడేదెవరు? 2021 ఏప్రిల్‌లో ఇండోనేషియా సబ్‌మెరైన్ నంగ్గాలా 53 మందితో మునిగినప్పుడు, లోతుకు దిగి మనుషుల్ని తెచ్చే వాహనం ఆ దేశానికి లేదు. పొరుగు దేశాలు కదిలాయి. మన విశాఖపట్నం నుంచి కూడా అలాంటి వాహనంతో నౌక బయల్దేరింది. అది దారిలో ఉండగానే, నంగ్గాలా మూడు ముక్కలై కనిపించిందన్న వార్త వచ్చింది.